మూత్రం రంగు మారితే మౌనం వద్దు

ఇషా నమాజు ముగిసి జనం వెళ్ళిపోతున్న వేళ ఒక పెద్దాయన వచ్చి మా పక్కన కూర్చున్నారు. సికింద్రాబాద్ జనరల్ బజార్ వెనుక సందులో దుపట్టాలకు, చీరలకు రంగులద్దే రంగ్రేజ్ ఆయన. వయస్సు అరవై దాటింది. మసీదులో చిన్నా పెద్దా అందరూ ఆయనను చాచా అనే పిలిచేవారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, గొంతు తగ్గించి అడిగారు: "మౌలానా సాబ్, రెండు రోజులుగా మూత్రం ఎర్రగా వస్తోంది. నొప్పేమీ లేదు. లుంగీకి మరక అంటింది. చదివిన నమాజు అయినట్టేనా, మళ్ళీ చదవాలా?"

మేము ఫిఖహ్ చదువుకున్నవాళ్ళం. అడిగిన దానికి జవాబు చెప్పాము. మరక ఎంత ఉంటే ఏ ఆదేశం వర్తిస్తుందో, వుజూ ఎప్పుడు భంగమవుతుందో వివరించాము. ఆయన "జజాకల్లాహ్" అని లేచి వెళ్ళిపోయారు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం ఎందుకు వస్తోందని మేము అడగలేదు. డాక్టరుకు చూపించుకున్నారా అని కూడా అడగలేదు. ఆ ఒక్క మాట అడగనందున ఐదు నెలలు గడిచిపోయాయి. చాచా ఇంటివారి అనుమతితో, ఆయన పేరు చెప్పకుండా, ఈ నాలుగు మాటలు పాఠకుల ముందు ఉంచుతున్నాము. మా వలె జవాబు చెప్పి ఊరుకునేవారు, ఆయన వలె దాచుకునేవారు ఇంకా ఎందరో ఉన్నారని మాకు తెలుసు.

ఐదు నెలల మౌనం

మూడో రోజుకు మూత్రం తేటపడింది. వేసవి రోజులు, వేడి చేసి ఉంటుందని చాచా అనుకున్నారు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు తాగారు. రెండు నెలల తర్వాత మళ్ళీ ఎరుపు కనిపించింది, మళ్ళీ ఆగిపోయింది. బట్టలు ఉతికేటప్పుడు చాచీ మరక చూసి అడిగితే, "చుకందర్ తిన్నాను కదా" అని దాటవేశారు. పెళ్ళీడుకు వచ్చిన కూతురు ఇంట్లో ఉంది. ఇలాంటి సంగతి కొడుకుతో చెప్పడానికి కూడా ఆయనకు నోరు రాలేదు. చివరకు ఒక రాత్రి రక్తపు గడ్డలు అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. కడుపు ఉబ్బి, చెమటలు పట్టి విలవిలలాడుతున్న తండ్రిని కొడుకు ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడ గొట్టం వేసి మూత్రం తీశారు. అల్ట్రాసౌండులో మూత్రాశయం గోడకు అంటుకొని ఒక గడ్డ కనిపించింది.

మూత్రంలో రక్తం పడడానికి కారణాలు చాలా ఉంటాయి. మూత్రపిండంలో రాయి, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం వాటిలో కొన్ని. రాయి ఉంటే సాధారణంగా నడుములోనో పక్కలోనో తీవ్రమైన నొప్పి వస్తుంది. ఇన్ఫెక్షన్ ఉంటే మంట, జ్వరం రావచ్చు. మంట, నొప్పి ఏమీ లేకుండా కంటికి కనిపించేంత రక్తం పడితే మాత్రం, ముఖ్యంగా నలభై దాటినవారిలో, మూత్రాశయ క్యాన్సర్ కాదని పరీక్షలతో తేల్చుకునేవరకు ఊరుకోకూడదని వైద్యులు చెబుతారు. నొప్పి లేదు కాబట్టి పెద్ద జబ్బు కాదని మనవాళ్ళు అనుకుంటారు. ఈ వ్యాధి విషయంలో ఆ లెక్క తలకిందులవుతుంది.

ఇంకొక మోసం కూడా ఉంది. ఈ రక్తం రోజూ రాదు. ఒకసారి కనిపించి, వారాలు, నెలలు కనిపించకుండా పోతుంది. ఆ మధ్యలో తాగిన కషాయమో, వేసుకున్న మాత్రో, ఊదించుకున్న నీళ్ళో దానిని నయం చేశాయనుకుంటాము. గడ్డ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. చుకందర్ తిన్నా, క్షయకు ఇచ్చే కొన్ని మందులు వాడినా మూత్రం ఎర్రబడవచ్చు. అయితే అది రంగా, రక్తమా అని చెప్పవలసింది ప్రయోగశాల. మన ఊహ సరిపోదు.

సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ వ్యాధి పురుషులలో ఎక్కువ. ప్రపంచంలో 2022లో సుమారు 6 లక్షల మందికి మూత్రాశయ క్యాన్సర్ ఉన్నట్లు బయటపడగా, వారిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పురుషులే. కానీ స్త్రీలలో ఇది తరచుగా ఆలస్యంగా బయటపడుతుంది. రక్తం కనిపిస్తే నెలసరి అనుకుంటారు. నెలసరి ఆగిపోయినవారైతే గర్భసంచి సమస్య అనుకుంటారు, లేదా ఇన్ఫెక్షన్ అని మాటిమాటికి యాంటీబయాటిక్ మందులు వాడతారు. రెండుసార్లు మందులు వాడినా రక్తం మళ్ళీ కనిపిస్తే యూరాలజిస్టును కలవాలి. అమ్మీ బాధను అడిగి తెలుసుకోవలసిన బాధ్యత కూతుళ్ళది, కోడళ్ళది.

పరీక్షలు ఏమిటి?

మొదట మూత్ర పరీక్ష చేస్తారు. మూత్రంలోకి రాలిన కణాలను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ తీస్తారు. వీటన్నిటికంటే ముఖ్యమైనది సిస్టోస్కోపీ. సన్నని గొట్టానికి అమర్చిన కెమెరాను మూత్రమార్గం గుండా లోపలికి పంపి, మూత్రాశయం లోపలి గోడను నేరుగా చూస్తారు. తిమ్మిరెక్కించే జెల్లీ వేసి చేసే ఈ పరీక్ష సాధారణంగా కొద్ది నిమిషాలలో ముగుస్తుంది.

ఈ పరీక్ష పేరు వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. సతర్ మాటేమిటని అడుగుతారు. చికిత్స కోసం అవసరమైనంత మేరకు, అవసరమైనంత సేపు వైద్యుని ముందు శరీర భాగాన్ని చూపడానికి షరీఅత్‌లో అనుమతి ఉందని ఉలమా మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. స్త్రీకి స్త్రీ వైద్యురాలు దొరికితే మేలు. దొరకనప్పుడు భర్తో, మహ్రమ్ బంధువో, మరొక స్త్రీయో తోడుండగా పురుష వైద్యునికి చూపించుకోవచ్చు. వైద్యురాలు దొరకలేదని చికిత్స మానుకొని ప్రాణం మీదికి తెచ్చుకోవడం పర్దా అనిపించుకోదు.

సిస్టోస్కోపీలో గడ్డ కనిపిస్తే, మత్తు ఇచ్చి, కడుపు కోయకుండా మూత్రమార్గం నుంచే దానిని గీకి తీస్తారు. గడ్డతోపాటు దాని కింది కండర పొర ముక్క కూడా రావాలి. వ్యాధి పైపొరలోనే ఉందా, కండరంలోకి దిగిందా అన్నది ఆ ముక్కతోనే తేలుతుంది. కండరం ముక్క రాలేదని రిపోర్టులో రాసి ఉంటే, మళ్ళీ తీయవలసి ఉంటుందా అని వైద్యుని అడగాలి.

ఆ ముక్కలు పాథాలజిస్టు బల్ల మీదికి చేరతాయి. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో దోమ కడుపును పరిశీలిస్తూ మలేరియా పరాన్నజీవి జాడ కనుగొన్నారు. చెడు గాలి వల్ల మలేరియా వస్తుందన్న పాత నమ్మకానికి అక్కడితో కాలం చెల్లింది. వ్యాధి అసలు రూపం తెలిసినప్పుడే చికిత్సకు దారి దొరుకుతుందని మన నగరం ప్రపంచానికి చూపించింది. క్యాన్సర్ విషయంలోనూ అదే నియమం. గడ్డ ఉన్నదని తెలిస్తే చాలదు, అది ఏ రకమో తెలియాలి.

అరుదైన రకం

మూత్రాశయ క్యాన్సర్లలో అత్యధికం లోపలి పొర కణాల నుంచి పుట్టే సాధారణ రకానివి. చాచాకు వచ్చినది అది కాదు. రిపోర్టులో 'స్మాల్ సెల్ కార్సినోమా' అని రాసి ఉంది. మూత్రాశయ క్యాన్సర్ రోగులలో నూటికి ఒక్కరికైనా ఉండని రకం ఇది. ఊపిరితిత్తులలో వచ్చే ఇదే పేరుగల క్యాన్సర్ వలె చిన్న చిన్న కణాలు కిక్కిరిసి, అతివేగంగా విభజన చెందుతాయి. మూత్రాశయంలో గడ్డ ఇంకా చిన్నదిగా కనిపిస్తున్నప్పుడే కణాలు రక్తం ద్వారా కాలేయానికి, ఎముకలకు చేరుకొని ఉండవచ్చు.

సాధారణంగా పాథాలజిస్టు ముక్కను నీలం, గులాబీ వర్ణాలిచ్చే రెండు రంగులతో అద్ది చూస్తారు. అనుమానం ఉంటే సినాప్టోఫిజిన్, క్రోమోగ్రానిన్ వంటి పదార్థాలు కణాలలో ఉన్నాయేమో చూసే ప్రత్యేక రంగుల పరీక్షలు చేస్తారు. ఈ మాట విని చాచా ఆసుపత్రి మంచం మీదనే నవ్వారు. "జీవితమంతా బట్టకు రంగులద్దాను మౌలానా, ఇప్పుడు నా జబ్బుకు వీళ్ళు రంగులద్దుతున్నారు" అన్నారు.

పేరు మారితే చికిత్స క్రమం మారిపోతుంది. సాధారణ రకం పైపొరకే పరిమితమై ఉంటే గడ్డ గీకి తీసి, మూత్రాశయంలోకి మందు ఎక్కిస్తారు. స్మాల్ సెల్ రకానికి అది చాలదు. గడ్డ మూత్రాశయం దాటినట్లు స్కానులో కనిపించకపోయినా, రోగి శరీరం తట్టుకోగలిగితే ముందు కీమోథెరపీ ఇచ్చి, ఆ తర్వాతనే శస్త్రచికిత్స గానీ రేడియేషన్ గానీ చేయడం మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమెరికా హ్యూస్టన్ నగరంలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు 2004లో ప్రచురించిన అనుభవం దీనికి ఒక ఆధారం. ముందే ఆపరేషన్ చేసినవారిలో ఐదేళ్ళకు ఈ వ్యాధి బారినుంచి ప్రాణాలతో మిగిలినవారు నూటికి 36 మంది కాగా, ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసినవారిలో 78 మంది. వ్యాధి అరుదైనది కనుక ఆ రోగుల సంఖ్య చిన్నదే. అయినా క్రమం ఎంత ముఖ్యమో దానివల్ల అర్థమవుతుంది.

అందుచేత రిపోర్టులో 'స్మాల్ సెల్', 'న్యూరోఎండోక్రైన్', 'ప్లాస్మసైటాయిడ్', 'మైక్రోపాపిలరీ', 'సార్కోమటాయిడ్' వంటి మాట కనిపిస్తే, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు యూరాలజిస్టుతోపాటు కీమో ఇచ్చే ఆంకాలజిస్టును కూడా కలవాలి. ఆసుపత్రి నుంచి గాజు స్లైడ్లు, మైనపు దిమ్మెలు అడిగి తీసుకొని, మరొక అనుభవజ్ఞుడైన పాథాలజిస్టుకు చూపించుకునే హక్కు రోగికి ఉంది. ఇది మొదటి వైద్యుని అవమానించడం కాదు. ఒక మసలాపై ఇద్దరు ముఫ్తీలను అడిగినట్టే.

మూడు వారాలకు ఒకసారి

చాచాకు పెట్ స్కాన్ తీశారు. వ్యాధి మూత్రాశయం కండరంలోకి దిగింది కానీ దూరపు అవయవాలలో కనిపించలేదు. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాము. ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందులతో కీమో మొదలైంది. మూడు రోజులు మందు, తర్వాత విరామం, ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ. ఇలా నాలుగు విడతలు.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు భారమైన మందు. అందువల్ల మందు ఇచ్చే ముందు మూత్రపిండాల పనితీరు చూస్తారు. అది తక్కువగా ఉంటే కార్బోప్లాటిన్ వంటి వేరే మందు ఎంచుకుంటారు. సెలైన్ ఎక్కిస్తారు, నీళ్ళు బాగా తాగమంటారు. వాంతులు, నీరసం, జుట్టు రాలడం ఉంటాయి. వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. ఇంటివారు అన్నిటికంటే భయపడవలసింది జ్వరానికి. కీమో సమయంలో తెల్లరక్తకణాలు పడిపోతాయి. అప్పుడు వచ్చే జ్వరం గంటలలోనే ప్రాణం మీదికి తేవచ్చు. 100.4 డిగ్రీలు దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళవలసిందే. ఇంట్లో పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా ఆగకూడదు.

రెండో విడత తర్వాత రమజాన్ నెల వచ్చింది. చాచా రోజా ఉంటానని పట్టుబట్టారు. రోగికి రోజాను వాయిదా వేసుకునే అనుమతి ఇచ్చినవాడు అల్లాహ్‌యే. ఆ అనుమతిని స్వీకరించడం కూడా విధేయతే. నీళ్ళు తాగకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయని వైద్యుడు చెప్పాక రోజా ఉండడం శరీరమనే అమానతుకు ద్రోహమవుతుందని చెప్పాము. కోలుకున్నాక కజా చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారు ఫిద్యా ఇవ్వవచ్చు. ఆయన ఒప్పుకున్నారు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర మాత్రం రోజూ మనవళ్ళతోపాటు కూర్చున్నారు.

"సంచీ తగిలించుకొని ఎలా నిలబడను?"

నాలుగు విడతలు ముగిశాయి. గడ్డ బాగా తగ్గింది. ఇక మూత్రాశయాన్ని తీసివేయాలని వైద్యులు నిర్ణయించారు. చిన్నపేగు నుంచి ఒక జానెడు కంటే తక్కువ ముక్క తీసి, మూత్రపిండాల నుంచి వచ్చే నాళాలను దానికి కలిపి, దాని రెండో చివరను పొట్ట మీద కుడివైపు చిన్న ద్వారంగా తెస్తారు. అక్కడ అంటించిన సంచీలోకి మూత్రం నిరంతరం దిగుతూ ఉంటుంది. కొందరికి పేగుతోనే లోపల కొత్త మూత్రాశయం కుట్టవచ్చు. కొందరికి మూత్రాశయం తీయకుండా రేడియేషన్ ఇవ్వవచ్చు. గడ్డ ఉన్న చోటు, మూత్రపిండాల స్థితి, వయస్సు చూసి వైద్యులు నిర్ణయిస్తారు. చాచాకు సంచీయే తగినదని చెప్పారు.

చాచా ఆపరేషన్ వద్దన్నారు. కొడుకు ఏడ్చాడు, చాచీ బతిమాలారు. ఆయన కదలలేదు. చివరకు కొడుకు మా దగ్గరకు వచ్చి, "మౌలానా, అబ్బా మీ మాట ఒక్కటే వింటారు" అన్నాడు. వెళ్ళాము. చాచా గోడవైపు తిరిగి అన్నారు: "నలభై ఏళ్ళుగా మొదటి సఫ్‌లో నిలబడ్డాను. రోజంతా నజాసత్ సంచీ పొట్టకు కట్టుకొని అల్లాహ్ ముందు ఎలా నిలబడను? నమాజు లేని బతుకు నాకు వద్దు."

ఆ రోజు మాకు అర్థమైంది. ఆయనను ఆపుతున్నది మరణ భయం కాదు, ఆపరేషన్ భయం కాదు. మేమందరం పరిశుభ్రత గురించి చెప్పినంతగా సౌలభ్యం గురించి చెప్పకపోవడమే ఆయనను ఆపుతోంది. తహారత్ పాఠం ప్రతి మదరసాలో మొదటి ఏడాదిలోనే చెబుతాము. మాజూర్ అధ్యాయం వచ్చేసరికి తొందరగా పేజీ తిప్పేస్తాము.

ఆయన పక్కన కూర్చొని ఆ అధ్యాయం చెప్పాము. మూత్రం ఆగకుండా కారే వ్యాధికి మన గ్రంథాలలో వెయ్యి ఏళ్ళకు పైగా పేరుంది, ఆదేశం ఉంది. దైవప్రవక్త (స) వహీ లేఖకులలో ఒకరైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు వృద్ధాప్యంలో ఈ బాధ ఉండేదని, చేతనైనంత వరకు అదుపు చేసుకొని, అదుపు తప్పినా వుజూ చేసి నమాజు చదివేవారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) కత్తిపోట్లకు గురైన తర్వాత గాయం నుంచి రక్తం కారుతుండగానే నమాజు చదివారు. వ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు, నిలబడి చదవమని, చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చదవమని దైవప్రవక్త (స) మార్గం చూపారు. రక్తస్రావం ఆగని స్త్రీకి సైతం నమాజు మానమని చెప్పలేదు, చదివే విధానం నేర్పారు.

హనఫీ మస్లక్ ప్రకారం, ఒక పూర్తి నమాజు వేళలో వుజూ చేసి ఫర్జ్ చదువుకునేంత విరామం కూడా దొరకనంతగా మూత్రం కారుతూ ఉంటే ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. నమాజు వేళ ప్రవేశించాక వుజూ చేసుకోవాలి. ఆ వేళ ముగిసేవరకు సంచీలోకి మూత్రం దిగుతున్నా వుజూ భంగం కాదు. వేరే కారణం వల్ల మాత్రమే భంగమవుతుంది. ఆ వేళలో ఫర్జ్, సున్నత్, నఫిల్ అన్నీ చదవవచ్చు, ఖుర్ఆన్ పట్టుకోవచ్చు. షాఫయీ మస్లక్ వారు ప్రతి ఫర్జ్‌కు వేరుగా వుజూ చేసుకుంటారు. నమాజుకు ముందు సంచీ ఖాళీ చేసుకోవడం మంచిది. వైద్యుడు అంటించిన సంచీని ప్రతి నమాజుకూ పీకివేయనవసరం లేదు. అలా చేస్తే చర్మం పుండుపడుతుంది. కారదనే నమ్మకం ఉంటే మసీదుకు రావచ్చు, జమాఅత్‌లో నిలబడవచ్చు. ఆరోగ్యవంతులకు ఇమామత్ మాత్రం చేయరాదు.

చాచా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇటు తిరిగి, "ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది మౌలానా" అన్నారు. మాకు బదులు చెప్పడానికి మాట రాలేదు. వారం తర్వాత ఆపరేషన్ జరిగింది.

చికిత్స తవక్కుల్‌కు విరుద్ధం కాదు

చాచా మంచాన ఉన్నప్పుడు సలహాలకు కొదవ లేదు. మూలికల పొడి తెచ్చినవారున్నారు. కీమో విషమని, దువాతోనే తగ్గుతుందని చెప్పినవారున్నారు. దువాను, ఖుర్ఆన్ పారాయణాన్ని మేము తక్కువ చేయము. అయితే చికిత్స పొందమని తమ సహచరులకు చెప్పినవారు దైవప్రవక్త (స). హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు దువాతోపాటు హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్ళమన్నారు. స్పెయిన్‌లోని ముస్లిం వైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ వెయ్యి ఏళ్ళ క్రితమే మూత్రాశయంలో రాళ్ళు తీసే పద్ధతిని, అందుకు వాడే పరికరాలను బొమ్మలతో సహా తన గ్రంథంలో చేర్చారు. అటువంటి వారసత్వం గల సమాజం ఆపరేషన్ అంటే దీన్‌కు దూరమన్నట్టు మాట్లాడడం విచారకరం.

ఖర్చు గురించి భయపడి ఇంట్లోనే ఉండిపోయేవారికి ఒక మాట. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. సికింద్రాబాద్ వాసులకు గాంధీ ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. అర్హులైన కుటుంబాలకు ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు చికిత్స పొందే వీలు 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఉంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు ముందే సిద్ధం చేసుకొని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి. రానుపోను ఖర్చులకు, సంచీలకు ఇబ్బందిపడే నిరుపేద రోగికి జకాత్ ఇవ్వవచ్చు. మసీదు కమిటీలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎందుకు వస్తుంది?

ఈ వ్యాధికి అతిపెద్ద కారణం పొగాకు పొగ. బీడీ, సిగరెట్ పొగలోని విషపదార్థాలు రక్తంలో కలిసి, మూత్రపిండాల ద్వారా మూత్రంలోకి దిగి, గంటల తరబడి మూత్రాశయం గోడను తాకుతూ ఉంటాయి. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణమని అంచనా. స్మాల్ సెల్ రకం వచ్చినవారిలోనూ ఎక్కువమంది పొగతాగినవారే. హుక్కా దీనికి మినహాయింపు కాదు.

రెండో కారణం కొన్ని రసాయనాలు. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు రంగుల కర్మాగారంలో పనిచేసినవారికి మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని గుర్తించారు. బెంజిడిన్ వంటి రసాయనాల వల్ల ఈ ప్రమాదం ఉందని తర్వాత తేలింది. వాటితో తయారయ్యే రంగులను మన దేశం కూడా నిషేధించింది. చాచా ముప్ఫై ఏళ్ళు బీడీ తాగారు, నలభై ఏళ్ళు ఉత్తి చేతులతో రంగులు కలిపారు. ఆయన జబ్బుకు ఏది కారణమో తేల్చి చెప్పగలిగేవాడు అల్లాహ్ ఒక్కడే. ఆయన కొడుకు మాత్రం ఇప్పుడు చేతితొడుగులు వేసుకొని రంగు కలుపుతున్నాడు. బీడీ ముట్టడు.

రెండు రమజాన్లు

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలకు చాచా మసీదుకు వచ్చారు. మొదటి సఫ్‌లోకి రమ్మంటే నవ్వి, వెనుక సఫ్‌లో కుర్చీ వేసుకున్నారు. మూడు నెలలకు ఒకసారి స్కాన్ తీయించుకునేవారు. రెండు రమజాన్ల తరావీహ్ ఆ కుర్చీలోనే చదివారు. కూతురు నికాహ్ దగ్గరుండి చేశారు, ఆమె దుపట్టాకు తన చేతులతోనే రంగు అద్దారు. జుమా తర్వాత యువకులను పక్కన కూర్చోబెట్టుకొని, సిగ్గు వదిలి తన కథ చెప్పేవారు. ఆయన మాట విని పరీక్షకు వెళ్ళినవారు మా ఎరుకలోనే ముగ్గురున్నారు. ఇద్దరికి రాళ్ళు. ఒకరికి పైపొరలోనే ఉన్న చిన్న గడ్డ. అది తీసివేశారు, ఆయన ఇప్పుడు క్షేమంగా ఉన్నారు.

రెండున్నరేళ్ళకు చాచా కాలేయంలో వ్యాధి తిరిగి కనిపించింది. చివరి రోజులలో నొప్పి తగ్గడానికి మార్ఫిన్ ఇచ్చారు. అది నషా కదా అని బంధువులు సంకోచించారు. వైద్యుని పర్యవేక్షణలో, నొప్పి నివారణకు అవసరమైనంత ఇవ్వడంలో దోషం లేదని చెప్పాము. నొప్పి తగ్గాక ఆయన సైగలతో నమాజు చదవగలిగారు. ఒక ఫజ్ర్ తర్వాత తన ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ ఐదు నెలలు పోకుండా ఉంటే ఆయన ఇంకా బతికేవారా? ఆయువు అల్లాహ్ చేతిలో ఉంది. ఆ మాట మేము నమ్ముతాము. ఆ మాట వెనుక దాక్కోము కూడా. మనకు చేతనైన పని మనం చేశామా అన్న ప్రశ్న మనకే వేయబడుతుంది.

మా మదరసాలో ఇప్పుడు తహారత్ పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు ఒక సంగతి నేర్పుతున్నాము. రేపు మీరు ఇమాములవుతారు, ఎవరో ఒకరు మీ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి మరక గురించి అడుగుతారు. మసలా చెప్పండి. చెప్పాక ఆయనను వెంటనే పంపించివేయకండి. "ఎప్పటినుంచి? డాక్టరుకు చూపించారా?" అని అడగండి. చూపించలేదంటే, రేపు ఉదయం తోడు వెళ్ళండి.